పేరంతా అవ్వకే

ఆ రోజుల్లో మా ఇంట్లో బతికున్నవాళ్ళ మాటకు విలువ లేదు. నా సంగతి సరే, పన్నెండేళ్ళ ఆడపిల్లను. మా అమ్మ మాటా అంతే, చిన్నమ్మ మాటా అంతే. చెల్లుబాటయ్యేది ఒక్కరి మాటే, ఆవిడేమో పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆవిడ మా నాయనను కన్నతల్లి, మా అవ్వ. బతికున్నన్నాళ్ళూ ఆమె ఏం చెప్పినా మగ్గం గుంటలోంచి తల ఎత్తని నాయన, పోయిన తరువాత మాత్రం అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ తరువాత నాకు జరిగిన అన్యాయం తలుచుకుంటే అరవై ఏళ్ళ తరువాత కూడా ఒళ్ళు మండుతుంది.

మాది బెంగళూరు పాతపేటలో నేతపనివాళ్ళ సందు. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి చిన్నాయనది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దేవుడి దగ్గర కర్పూరం వెలిగించగానే, అవ్వ మా చిన్నమ్మ మీదికి వచ్చేది. చిన్నమ్మ పుట్టిల్లు వర్తూరు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. అవ్వ వచ్చిందంటే జుట్టు విరబోసుకుని, పీట మీద ఊగుతూ, బావగారని కూడా చూడకుండా నాయనను 'ఏరా' అనేది. "ఏరా పెద్దోడా, వంటింట్లో పొగ కమ్ముకోని ఉండాది. కోడండ్ల కండ్లు పోతే నువ్వు వండుకుంటావా?" అని అడిగితే, మర్నాడే నాయన మనిషిని పిలిచి పొగ పోయేందుకు పైన పెంకులు తీయించాడు. అదే మాట అమ్మ రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. ఇంకో వారం అవ్వకు ఉన్నట్టుండి వర్తూరు మీద బెంగ పుట్టేది. (అవ్వ పుట్టింది అనంతపురం వైపు. బతికుండగా వర్తూరు మొహం చూసి ఎరగదు.) "చిన్న కోడల్ని పుట్టింటికి పంపి ఎన్నాళ్ళైందిరా?" అనేది. సాయంత్రానికల్లా బండి మాట్లాడేవారు. ఇందులో కిటుకు నాకు అప్పుడే తెలిసిపోయిందని గొప్పలు చెప్పుకోను. నేనూ అందరితో పాటు భయంభయంగా చేతులు జోడించినదాన్నే.

అవి యుద్ధం రోజులు. మాకు రాట్నం మీద పోగు కండెలు చుట్టి పెట్టే ఇద్దరు ఆడవాళ్ళు సైనికుల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరిపోయారు. కండెలు లేకపోతే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆడదు, నాడె ఆడకపోతే మగ్గం ఆగిపోతుంది. నాయన అన్నం తింటూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా, "వచ్చే నెల నుంచి పాప బడికి పోవద్దు. రాట్నం కాడ కూర్చుంటాది," అన్నాడు. తరగతిలో కన్నడ పద్యాలు అప్పజెప్పడంలో నేనే మొదటిదాన్ని. హైస్కూలు చదివి టీచరమ్మను కావాలని నాకు నేనే నిర్ణయించుకుని ఉన్నాను. ఆ రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే చిన్నమ్మ కొంగు పట్టుకున్నాను. ఈ శుక్రవారం అవ్వ వచ్చినప్పుడు నా చదువు సంగతి చెప్పమన్నాను. చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "మనం చెప్పమంటే చెప్తాదా అవ్వ? ఆమెకు ఎవరి మీద ఇష్టమైతే వాళ్ళ మీదికి వస్తాది. నీ మీదికి రాకూడదని ఎవరన్నా చెప్పినారా? సుమ్నె ఉండు, గమ్మునుండు, ఏడవద్దు."

శుక్రవారం వచ్చింది. కర్పూరం వెలిగింది. చిన్నమ్మ కదలకుండా నిలబడింది. ఇక తప్పదని నేనే పీట మీద కూలబడి ఊగడం మొదలుపెట్టాను. జుట్టు విరబోసుకోవాలన్న సంగతి మాత్రం మరిచిపోయాను. అమ్మ బిగించి, మడిచి కట్టిన నా రెండు జడలూ ఎర్ర రిబ్బన్లతో చెవుల పక్కన బుద్ధిగా ఊగుతున్నాయి. చిన్నమ్మ గబగబా వచ్చి నా భుజాలు పట్టుకున్నట్టే పట్టుకుని ఆ రిబ్బన్లు విప్పేసింది. "అవ్వ వచ్చినాది, దండం పెట్టుకోండి," అంది. అప్పుడు నేను నా జన్మలో మొదటిసారీ చివరిసారీ మా నాయనను, "ఏరా పెద్దోడా," అన్నాను. ఆ సుఖం ఇంతా అంతా కాదు. "పిల్లను బడి మాన్పిస్తావంట. మాన్పించగూడదు. మెట్రిక్ దాకా పోవల్ల," అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "లెక్కల్లో మార్కులు తగ్గినా తిట్టగూడదు," అని కూడా అన్నాను.

చిన్నాయన దగ్గాడు. లెక్కల మార్కులతో అవ్వకేం పని అని ఆయన అనుమానం. నాయన కాసేపు నన్నే చూసి, ముందు గదిలోకి వెళ్ళి, ఆ వారమే కొన్న పట్టు పోగుల లడి ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "అమ్మా, నువ్వే అయితే ఈ సరుకెట్లాంటిదో చెప్పు," అన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టు గురించి నాకు తెలిసిందల్లా దాన్ని ముట్టుకుంటే అమ్మ తిడుతుందని. ఏం చెయ్యాలో తోచక ఒక పోగు లాగి నోట్లో పెట్టుకున్నాను. (భయమేస్తే రిబ్బను కొస నమలడం నాకు అలవాటు.) పోగును బయటికి లాగితే తడిసిన చోట పుటుక్కున తెగింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. "ఇది పట్టు కాదప్పా. తడి తగిల్తే దీని బండారం బయటపడతాది."

నాయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని నా కాళ్ళ మీద పడ్డాడు. అసలు పట్టు తడిసినా తెగదట, నకిలీ పట్టు తడిస్తే పుటుక్కుమంటుందట. అవ్వ పట్టును అలాగే నోట్లో తడిపి చూసేదట. అదే మాట అనేదట. మర్నాడు నాయన ఆ లడిని అమ్మినవాడి మొహాన కొట్టి వచ్చాడు. ఆ కల్తీ పోగుతో చీర నేసి ఉంటే మా మగ్గం పేరు పేటంతా చెడి ఉండేది. నేను బడికి పోయాను.

పోతే పోయాను గానీ, చూడండి అన్యాయం. కొత్త పట్టు వచ్చినప్పుడల్లా నాయన బడికి బయల్దేరుతున్న నన్ను ఆపి నా నోట్లో ఒక పోగు పెట్టేవాడు. నేను మెట్రిక్ పాసైతే అవ్వ పేరున టెంకాయ కొట్టాడు. పరీక్షకు కూర్చుంది నేను, లెక్కలతో చచ్చింది నేను. నాకు ఒక్క మాట లేదు. ఉండబట్టలేక ఒకనాడు, "నాయనా, ఆ రోజు అవ్వా లేదు, ఎవరూ లేరు. నేనే నటించినాను," అని చెప్పేశాను. నాయన నా తల నిమిరి, "వచ్చినట్ల తెలీదులేమ్మా, ఎవరి మీదికి వస్తాదో వాళ్ళకి," అన్నాడు. దొంగతనం ఒప్పుకున్నా నమ్మని ఇల్లు మాది. ముప్పై ఏళ్ళు టీచరుగా పనిచేసి రిటైరైన రోజున కూడా మా వాళ్ళంతా నా మెడలో దండ వేసి అన్నది, "అంతా మీ అవ్వ చలవ," అనే.

ఒక్క చిన్నమ్మ దగ్గరైనా న్యాయం జరుగుతుందని, ఆమె మంచాన పడ్డాక చూడబోయినప్పుడు నా మొర చెప్పుకున్నాను. బోసినోటితో చాలాసేపు నవ్వింది. "నా మీదికీ ఏ అవ్వా రాలేదే. ఆ ఇంట్లో నేను ఇంకెట్ల మాట్లాడేది?" అంది. నాకు నవ్వు రాలేదు. వారానికొక్కసారి నోరు తెరవడానికి చచ్చిపోయిన అత్తగారిని అరువు తెచ్చుకున్న ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో ఆమే, "మరి పట్టు సంగతి నీకెట్ల తెలిసె?" అని అడిగింది.

ఆ సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అవ్వ పోయేనాటికి నాకు ఐదేళ్ళు. ఆమె ఒళ్ళో కూర్చుని ఆ మాట వందసార్లు విని ఉంటాను, అది ఎక్కడో నా లోపల పడి ఉండి ఉంటుంది. అదీ నా లెక్క. (లెక్కల్లో నాకు ఎన్ని మార్కులు వచ్చేవో ఎవరినీ అడగకండి.)

మొన్న మనవరాలి పెళ్ళికి చీరలు కొనబోతే, కొట్టాయన అసలైన పట్టని ప్రమాణం చేస్తున్నాడు. నేను కొంగు చివర వేలాడుతున్న ఒక పోగు పట్టుకుని, మా వాళ్ళు వద్దంటున్నా వినకుండా నోట్లో పెట్టి లాగాను. పుటుక్కుమంది. కొట్టాయన మొహం పాలిపోయింది. "ఎవరమ్మా మీకు ఇది నేర్పింది?" అని అడిగాడు. అరవై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న. ఎవరూ నేర్పలేదు, నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను.

"మా అవ్వ," అన్నాను.