నేను చెప్పిన నాలా దారి

జూన్ మొదటి వారంలో, పగలు పదకొండున్నరకు, మమ్మల్ని లడఖ్‌లో ఒక నాలా ముందు ట్రక్కులోంచి దింపారు. కొండల మధ్య మంచు కరిగి పారే వాగును అక్కడ నాలా అంటారు. ఎత్తు పదమూడు వేల అడుగులు. చెట్టు లేదు. గడ్డి లేదు. బూడిదరంగు రాయి, గోధుమరంగు దుమ్ము, ఎక్కడో పైన మంచు. ఎండ తగిలిన చెంప కాలింది. నీడలో ఉన్న చెంప జివ్వుమంది. నా ఒంటి మీద ఇరవై ఆరు కిలోలు: రైఫిల్, ఐదు మ్యాగజైన్లు, రెండు గ్రెనేడ్లు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, హెల్మెట్, పరుపుచుట్ట, రెండు లీటర్ల నీళ్ళు.

మా హవల్దార్ పలమనేరు మనిషి. మమ్మల్ని వరసగా చూసి ఒకటే చెప్పాడు.

"మంచు కనబడతాందని మోసపోవద్దండప్పా. ఇది ఎడారి."

ఇన్నేళ్ళకు ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా అక్క కూతురు ఒక మాట అడిగింది. తను రోజూ తిరుత్తణిలో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కి తిరువళ్ళూరులో ఆఫీసుకు పోతుంది. ఆ ఆఫీసులో తనతో కలిపి ఐదుగురు ప్రతి వేసవికీ సెలవు పెట్టి కొండలెక్కుతారు. నాగలాపురం కొండలు అయిపోయాయి. ఈసారి ఎడారీ కొండా రెండూ ఉన్న చోటు కావాలట. పోయిన ఆదివారం ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మూడు చోట్లు చూసిపెట్టినాం మామా. నువ్వు ఆ పక్క డ్యూటీ చేసినావు కదా. యాడికి పోతే బాగుంటాదో నువ్వే చెప్పు."

మొదటిది స్పితి. రెండోది నుబ్రా ఇసుక దిబ్బలు. మూడో ఫోటోలో మా నాలా. నారింజ రంగు గుడారాలు, నవ్వుతున్న పిల్లలు. 'కొత్తగా తెరిచిన దారి. ఎక్కడం తక్కువ. నీళ్ళు పక్కనే' అని కింద రాసి ఉంది.

నేను ఫోన్ బోర్లా పెట్టాను. తర్వాత చెప్తానన్నాను. అమ్మాయీ, ఇదే ఆ తర్వాత. నీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మను చదివి వినిపించమను. మిగతా నలుగురినీ కూర్చోబెట్టుకో.

నాలాకు రెండు వేల అడుగుల పైన మా పోస్టు. పదకొండు మందిమి. రాళ్ళు పేర్చి ఇసుక మూటలు వేసిన మూడు బంకర్లు. ఎదురు కొండ మీద అవతలి వాళ్ళు. సాయంత్రం నాలుగు దాటితే వాళ్ళ వెనక పొద్దు, మా కళ్ళల్లో వెలుగు. అప్పుడు కొట్టేవాళ్ళు.

రెండో వారంలో ఒకరోజు నలభై నిమిషాల్లో ఇరవై ఏడు మోర్టార్ గుండ్లు పడ్డాయి. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం తప్ప చేయడానికేమీ లేదు. ఇరవై ఒకటోది వంట బంకర్ మీద పడింది. మా వంటవాడు పొగలోంచి నడిచి బయటికొచ్చాడు. కుడిచేతికి వేళ్ళు లేవు. ఎడమచేతిలో గరిటె అలాగే ఉంది. "పప్పు అడుగంటుతుంది, ఎవరన్నా చూడండి," అన్నాడు. కూర్చున్నాడు. పక్కకు ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది.

రేడియో ఆపరేటర్‌ది పళ్ళిపట్టు. మావి రెండూ మగ్గం ఇళ్ళే. నాకంటే నాలుగేళ్ళు చిన్న. కాపలా మార్చుకునేటప్పుడు రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"అన్నా, ఈ రాళ్ళను చూసి చూసి కండ్లు అరిగిపోతాండాయి. ఈ వేళకి మన తిరుత్తణి గుడి మెట్ల మీద ఆడి కృత్తిక పండక్కి కావిళ్ళు మోసుకోని ఎక్కతా ఉంటారు. ఆ కావిళ్ళకి కట్టిన పూలల్లో ఒక్కటి చూస్తే చాలు."

ఆగస్టు మూడో వారంలో ఆర్డర్ వచ్చింది. నాలా చివర అరుగులాంటి రాతి చదును ఒకటి ఉంది. రెండు రోజులుగా అక్కడ ఎవరో కదులుతున్నారు. ఆరుగురు పోయి చూసి రావాలి. హవల్దార్ మ్యాపు పరిచాడు.

"నువ్వు రెండు తూర్లు పొయ్యొచ్చినావు. దోవ నువ్వు చెప్పు."

దారులు రెండు. గట్టు మీద పోతే ఆరు గంటలు, పొడుగునా ఎండ, చుక్క నీళ్ళు లేవు. నాలాలో పోతే మూడున్నర గంటలు, నీడ, నీళ్ళు.

"నాలాలో పోదాం సాబ్," అన్నాను.

"వారం కిందట వరదొచ్చింది గదప్పా. పైనుంచి ఏమేం కొట్టుకోనొచ్చిందో."

ఆయన అంటున్నది మందుపాతరల గురించి. పైన ఎప్పుడో పాతినవి మంచునీళ్ళతో కిందికి జారుతాయి. అది నాకూ తెలుసు.

"నిన్న బైనాక్యులర్‌లో చూసినా సాబ్. సుబ్బరంగా ఉండాది."

చూసిన మాట నిజం. మొదటి మలుపు దాకే కనబడుతుందన్నదీ నిజం. అది చెప్పలేదు. ఆరు గంటల ఎండ తప్పించుకోవాలని ఉంది నాకు. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి సరేనన్నాడు.

తెల్లవారుజామున నాలుగూ నలభైకి బయల్దేరాం. ముందు హవల్దార్, తర్వాత నేను, మెషిన్‌గన్ మోసే గన్నర్, రేడియో ఆపరేటర్, మందుల సంచితో నర్సింగ్ అసిస్టెంట్, చివర ఇంకొక జవాను. ఏడూ ఇరవైకి రెండో మలుపు తిరిగాం.

పెద్ద చప్పుడేం కాదు. ఎండుకర్ర విరిగినట్టు. తిరిగి చూశాను. గన్నర్ ఇసుకలో కూర్చుని లేవాలని చూస్తున్నాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు. తెల్లటి ఎముక, చిరిగిన ప్యాంటు, నెత్తురు. లేని కాలిని నేల మీద ఆనించబోయి మళ్ళీ పడ్డాడు. అప్పుడు అరిచాడు. అతని అడుగు పడ్డ చోటికి నా బూటు ముద్ర జానెడు దూరంలో ఉంది.

ఆ చప్పుడుకు పైన చదును మీదివాళ్ళు మేల్కొన్నారు. మెషిన్‌గన్ మొదలైంది. రాళ్ళు పగిలి మొహాలకు తగిలాయి. నర్సింగ్ అసిస్టెంట్ గన్నర్‌ను బండ చాటుకు ఈడ్చి తొడ బిగించి కట్టాడు. ఆపరేటర్ పోస్టును పిలిచాడు. రేడియోలో హిందీనే.

"రెండో మలుపు. ఒకరికి పాతర తగిలింది. పైనుంచి కాల్పులు. మాకు రెండొందల మీటర్ల ముందు మోర్టార్ వేయండి. ఓవర్."

"చాలా దగ్గర. తలలు దించుకోండి. ఓవర్."

మొదటి గుండు కుడికి పడింది. సరిచెప్పడానికి ఆపరేటర్ తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ఎత్తాడు. "యాభై మీటర్లు ఎడమకు," అన్నాడు. అప్పుడే జాకెట్ కింద, కడుపులో తగిలింది. సెట్ వదల్లేదు. ఇంకో గుండుకు కూడా సరిచెప్పాడు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"అన్నా, తగిలినట్టుండాది. వెచ్చగా ఉండాది."

నేను అతని దగ్గరికి పోలేకపోయాను. ఎడమ వైపు రాళ్ళలోంచి ఇద్దరు దిగి వస్తున్నారు. ముప్పై మీటర్లు. ముందున్నవాణ్ణి కాల్చాను. బోర్లా పడి, గులకరాళ్ళతో పాటు జారి, పది మీటర్ల దూరంలో ఆగాడు. చావలేదు. అతని చేయి నడుము దగ్గర గ్రెనేడ్ కోసం తడుముతోంది. ఇంకో రెండుసార్లు కాల్చాను. మొహం ఇటు తిరిగింది. ఎండకు చెంపల తోలు పొరలుగా లేచింది, నాకు లేచినట్టే. రెండోవాణ్ణి హవల్దార్ కాల్చాడు.

ఎనిమిదో మోర్టార్ గుండుకు పైన మెషిన్‌గన్ ఆగిపోయింది.

నర్సింగ్ అసిస్టెంట్ ఆపరేటర్ కడుపు మీద రెండు చేతులూ అదిమిపెట్టి, నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పోస్టుకి చెప్పినావా అన్నా?" అన్నాడు ఆపరేటర్.

"నువ్వే చెప్పినావు కదరా. సరిగ్గా పడింది. ఆగిపోయింది."

"సరి, సరి," అన్నాడు. ఎనిమిదీ ఐదుకు పోయాడు.

గన్నర్‌కు కాలు పోయింది, ప్రాణం దక్కింది. తొమ్మిది రోజుల తర్వాత విచారణ. దారి ఎవరు ఎంచారని ఆఫీసర్ అడిగాడు. "నేనే సాబ్," అన్నాడు హవల్దార్. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. బయటికొచ్చాక కాళ్ళు పట్టుకోబోతే తోసేశాడు.

"నీకింకా శానా సర్వీసుంది. నేను పొయ్యేవాణ్ణి. ఇంగ ఈ మాటెత్తొద్దు."

ఆయనకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. హవల్దార్‌గానే రిటైరయ్యాడు.

అక్టోబర్‌లో మొదటి మంచు పడ్డ రోజున మమ్మల్ని కిందికి దించారు. ఇల్లు చేరిన మూడో రోజు పళ్ళిపట్టు బస్సెక్కాను. ఆపరేటర్ వాళ్ళన్న మగ్గం గుంటలో ఉన్నాడు. నిలబడే చెప్పాను: ఆ దోవ చెప్పింది హవల్దార్ కాదు, నేను. వాళ్ళన్న మగ్గం ఆపాడు. పడుగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉండిపోయాడు.

"మా అమ్మకి ఈ మాట చెప్పొద్దు," అన్నాడు చివరికి. "లోపల నీకోసరం అన్నం వడ్డిస్తా ఉండాది. పోయి తిను."

పోయి తిన్నాను. ఆమె పోయేదాకా ఏటా పోయి తిన్నాను. ఆమెకు చెప్పలేదు.

అమ్మాయీ, నా జవాబు ఇది. మూడోది వద్దు. పాతరలన్నీ తీసేశామని అక్కడ బోర్డు ఉండొచ్చు. తీసినవాళ్ళు నిజంగానే ప్రాణాలకు తెగించి తీసుండొచ్చు. కానీ ఏటా మంచు కరుగుతుంది, ఏటా పైనుంచి నీళ్ళొస్తాయి. స్పితికి పోండి. ఊళ్ళవాళ్ళు గొర్రెలు తోలుకుపోయే గట్టు దారి అడిగి, దానిమీదే నడవండి. కాళ్ళు పీకుతాయి. పీకనీ. మీ గుంపులో ఒకరు, ఈ దోవైతే నాకు భయంగా ఉందంటే, ఆ మాట దగ్గరే ఆగిపోండి.

ఆ ఫోటో కింద ఇంకో మాట కూడా రాసి ఉంది: ఆగస్టులో అక్కడ సీతాకోకచిలుకలు బాగా కనిపిస్తాయని. నిజమే. ఆ రోజు హెలికాప్టర్ కోసం పదకొండు దాకా కూర్చున్నాం. ఎండ నాలా అడుగుకు దిగింది. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు, తెల్లటివి, చిన్నవి, ముప్పై నలభై ఉంటాయి. పక్కనే నీళ్ళు పారుతున్నా అటు పోలేదు. ఆపరేటర్ పక్కన తడిసిన ఇసుక మీద వాలాయి. అతని కడుపు మీద వాలాయి. రెక్కలు ముడుచుకుని తాగుతున్నాయి. నేను చేత్తో తోలాను. లేచాయి. మళ్ళీ వాలాయి.