చిట్కుల్ వంటింట్లో బిలియర్డ్స్ బండ

బిలియర్డ్స్ ఆడటం నాకు రాదని బల్లగుద్ది చెప్పగలను. పటాన్‌చెరులో నేను ఉద్యోగం చేసిన రసాయనాల ఫ్యాక్టరీకి ఆఫీసర్ల క్లబ్బు ఉండేది, అందులో ఒక పాత బిలియర్డ్స్ బల్ల ఉండేది. నేను కర్ర పట్టుకుంటే పచ్చబట్ట చిరుగుతుందని తోటివాళ్ళకు భయం. అందుకని చేతికి టీ కప్పు ఇచ్చి మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆట చేతికి రాకపోయినా దాని సామాను మాత్రం వచ్చింది. అరిగిన నీలం సుద్దముక్కలు, ముల్లు జరిపి పాయింట్లు చూపించే చెక్కబోర్డు, కొన తోలు ఊడిన కర్రలు, రంగు వెలిసిన బంతులు, ఎవరు పారేస్తున్నా నేను పోగుచేసుకునేవాణ్ణి.

సామానుతో పాటు చరిత్ర కూడా పోగైంది. ఈ ఆటను మొదట పచ్చిక మీద ఆడేవారట. తర్వాత ఇంట్లోకొచ్చింది, వస్తూ వస్తూ గడ్డి రంగును బట్టగా వెంట తెచ్చుకుంది. బంతుల కోసం ఏనుగు దంతాలు కోసేవారు. రసాయనాలతో బంతులు చేయడం నేర్చుకున్నాక ఏనుగులకు ఆ బాధ తప్పింది. మా ఫ్యాక్టరీలో మరిగిన రెజిన్లు ఆ కొత్త బంతులకు దగ్గరి చుట్టాలే. పటాన్‌చెరు గాలి గురించి ఎవరేమన్నా కాదనను కానీ, ఏనుగుల విషయంలో మాత్రం నేను రసాయనాల పక్షం.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ బల్ల తుక్కులోకి పోతుంటే అడిగి తెచ్చుకున్నాను. కిష్టారెడ్డిపేటలో కట్టుకుంటున్న మా ఇంట్లో ముందుగది దానికే అనుకున్నాను. బల్ల విప్పితే బట్ట కింద ఉన్నది చెక్క కాదు, అయిదు నల్లరాతి పలకలు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒకే నునుపుకు అరగదీసినవి. వాటిలో ఒకటి పోతే మిగతావి ఎందుకూ కొరగావు. అయిదింటినీ ప్రహరీకి ఆనించి పెట్టించాను. బల్లలు బిగించే పనివాడు సికింద్రాబాదు నుంచి ఆదివారం వస్తానన్నాడు.

శుక్రవారం పొద్దున చూస్తే నాలుగే ఉన్నాయి. నడిమిది లేదు.

"మొన్న మేస్త్రి మిగిలిన షాబాద్ బండలు ట్రాలీల ఏస్కపోయిండు గద, దాంట్లనే పోయిందేమో" అంది మా ఆవిడ, ఉల్లిపాయల మీంచి తల ఎత్తకుండా.

ఒక ఇంట్లో మిగిలిన బండలు ఇంకో ఇంటికి మోసుకుపోవడం మా దగ్గర మేస్త్రీల పద్ధతి. మా మెట్లకు పరిచినవి కూడా ఎవరింటివో. అప్పుడు ఆ పద్ధతి నాకు ఎంతో బాగున్నట్టు అనిపించింది.

మేస్త్రికి ఫోన్ చేశాను.

"ఆ నల్ల బండనా సార్? చిట్కుల్‌ల ఒక ఇంటికి వంటగట్టు ఏసిన. కొలిచి చేసినట్టు అతికింది! ఇయ్యాల సింకుకు బొక్క కొట్టుడే ఉన్నది."

"కొట్టకు! నేనొస్తున్న, ఆపు!"

"గింత పరేషాన్ ఎందుకు సార్, మంచిగనే కొడ్త" అన్నాడు.

ఆధారం చూపించవలసి వస్తుందేమోనని ఒక ఎర్రబంతిని జేబులో వేసుకుని స్కూటర్ తీశాను. ఇస్నాపూర్ దాకా లారీలు నన్ను దాటాయో, నేనే వాటిని దాటానో గుర్తులేదు. చిట్కుల్‌లో ఆ ఇంటి సందు తిరిగేసరికి రాయి కోసే మిషను కీచుమంటోంది. నా గుండె గుంతలో పడ్డ బంతిలా జారిపోయింది.

తీరా చూస్తే, వరండాలో టైల్స్ కోస్తున్నారు. వంటింట్లో ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని మేస్త్రిని కడిగేస్తోంది.

"ఎల్లుండి పాలు పొంగియ్యాలె. ఎలుకలు కొరికిన బండ తెచ్చి పెడ్తవా నా పొయ్యికాడ?"

"ఎలుకలు రాయిని కొరుకుతయా అక్కా? అది పైపు పోనీకి ఉంచిన సందు."

"రెండు దిక్కులనా? నీ ఇంట్ల నీళ్ళు రెండు దిక్కుల పారుతయా? ఈ బండ మార్చేదాక దీని మీద మిషను పెట్టనియ్య, చెప్తున్న!"

పలకకు రెండు కొసల్లో అర్ధచంద్రాకారంలో తొలిచి ఉంది. బల్ల నడుమ బంతులు పడే గుంతలవి. ఆ గుంతలే నా పలకను కాపాడాయి. ఒక్క గీత పడలేదు.

"అమ్మా, ఆ బండ నాది" అన్నాను, బంతి చూపిస్తూ. గుంతల సంగతి చెప్పాను.

ఆమె బంతినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "గోలీలాడే బండనా సారూ ఇది? అయితే జల్దీ తీస్కపో. పాలు పొంగినంక అడిగితే ఇయ్య. పాలు పొంగిన గట్టును కదిలియ్యరు."

పగుళ్ళున్నాయేమోనని చేత్తో తడిమి, బంతిని పలక మీద పెట్టాను. అది ఎటూ కదల్లేదు.

"సూసిన్రా సార్, నా లెవెలు!" అన్నాడు మేస్త్రి.

"బంతి ఆగింది, మంచిదే" అందామె. "మరి గిన్నెలు కడిగిన నీళ్ళు గూడ గట్లనే ఆగుతయా?"

మేస్త్రి వరండాలో ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

గట్టుకు వేరే బండ కావాలి. మా పూజగది అరకని తెచ్చిన గ్రానైటు ముక్క అంత పొడవుంటుంది. భయపడుతూనే మా ఆవిడకు ఫోన్ చేశాను.

"దేవుని బండనా?" అంది. "ఇచ్చెయ్. గా మచ్చలు నాకు మొదటిసంది నచ్చలే. నువ్వు ఏరినవని ఊకున్న."

ఆ సాయంత్రం గ్రానైటు చిట్కుల్‌కు పోయింది, అదే ట్రాలీలో పలక ఇంటికొచ్చింది. దాన్ని దించడానికి వీధిలో మగవాళ్ళందరూ చెయ్యి వేశారు. ఆదివారం పనివాడు పలకలన్నీ వరుసగా పేర్చి, నడిమిదాని అంచున ఆగాడు. గట్టు వేసిన రోజు చిట్కుల్ ఇంటావిడ పెట్టిన పసుపు, మీద కుంకుమ బొట్టు ఇంకా అలాగే ఉన్నాయి.

"తుడువాలెనా సార్?"

వద్దన్నాను. దాని మీంచే పచ్చబట్ట బిగించాడు.

ఆ సాయంత్రం, ఒకప్పుడు క్లబ్బులో నాతో ఉన్న పాత మిత్రులు మా ఇంటికి వచ్చారు. బల్ల చుట్టూ తిరిగారు, నిమిరారు, కర్రలకు సుద్ద రాశారు. నేనూ ఒక కర్ర అందుకోబోయాను. ఎవరో దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని టీ కప్పు పెట్టారు.

హాయిగా కుర్చీలో కూర్చుని తాగాను.