కరిముల్లా వేసిన అద్దం

కరిముల్లాకి అద్దం అంటే ఏమిటో తెలుసు. మా వృత్తిలో అంతకు మించిన అనర్హత లేదు.

మా వృత్తి అంటే బిల్డింగులు కట్టకముందే కట్టినట్టు చూపించడం. గవర్నర్‌పేటలో జిరాక్సు షాపు పైన మేడగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని నేను నడుపుతున్న కొట్టుకి ‘త్రీడీ వ్యూస్’ అని బోర్డు. నా పేరు వెంకటకృష్ణారావు. సివిల్ డిప్లొమా చదివి, రెండేళ్లు సైట్లలో ఎండకి మాడి, నీడపట్టున కూర్చునే పని ఏదైనా చాలనుకుని ఇందులో దిగినవాణ్ణి. రెండువేల ఒకటి తర్వాత బెజవాడలో లేచిన అపార్టుమెంట్లలో చాలావాటి బ్రోచర్లు ఆ గదిలోంచే వచ్చాయి. వాటిని చూసి గర్వపడేవాళ్లు ఉంటే ఉండొచ్చు, నేను మాత్రం కాదు.

ఆ బొమ్మల్లో బందరు రోడ్డు మీద కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్లు బ్రీఫ్‌కేసులు పట్టుకుని నడుస్తుంటారు. బెజవాడ ఎండలో కోటు! కార్లకి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఎందుకంటే ఆ కార్లు ఏ దేశంవాడో చేసి సీడీలో పెట్టినవి. ఆకాశం సింగపూర్‌ది. ఇక కిటికీ అనగానే నీలం రంగు పోసి, దాని మీద రెండు తెల్ల మబ్బులు అతికిస్తాం. ఉత్తరం కిటికీలోనూ అవే మబ్బులు, బాత్రూం కిటికీలోనూ అవే మబ్బులు. పైన పటారం లోన లొటారం అంటారు, మేం ఆ పటారం ఒక్కటే అమ్ముతాం. బిల్డర్లు మురిసి ముక్కలయ్యేవారు. కొన్నాళ్లకి అసలు బిల్డింగులే మా బొమ్మల్ని చూసి నీలం అద్దాలు తొడుక్కోవడం మొదలుపెట్టాయి. లోపల పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని కూర్చునే జనం మమ్మల్ని తిట్టుకోను కూడా లేదు, అదే గొప్పనుకున్నారు.

ఇలాంటి చోటికి కరిముల్లా ఇరవై నాలుగేళ్ల వయసులో వచ్చి పడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎడమచేతి వేళ్ల మీద పాత కోతల గుర్తులు. వన్‌టౌన్‌లో పంజా సెంటర్ దగ్గర సందులో వాళ్ల నాన్న మహమ్మద్ గారికి అద్దాల కొట్టు ఉంది. కిటికీలకీ షాపుల తలుపులకీ అద్దాలు కోసి బిగించడం నలభై ఏళ్లుగా ఆయన పని. అద్దం కోసే డైమండుని కిరసనాయిల్లో ముంచి ఒక గీత గీస్తే, అదే చోట రెండో గీత గీయాల్సిన అగత్యం ఆయనకి రాలేదని ఆ సందులో చెప్పుకునేవారు.

ఆయనకో చాదస్తం ఉంది. కొత్త తలుపుకి అద్దం బిగించాక, తన పాన్ డబ్బాలోంచి వేలితో సున్నం తీసి, అద్దం మధ్యలో ఇంటూ గుర్తు పెట్టందే అక్కణ్ణుంచి కదలడు. లేకపోతే అక్కడ అద్దం ఉందని తెలియక ఎవరో ఒకరు నేరుగా నడిచొచ్చి ముక్కు పగలగొట్టుకుంటారని ఆయన భయం. ఓ బట్టల షాపు యజమాని కొత్త తలుపు మీద ఈ సున్నమేమిటని తుడిపించేస్తే, మెట్లు దిగి వెళ్లిపోతున్న మనిషి మళ్లీ ఎక్కొచ్చి రెండోసారి పెట్టాడట. రంగు అద్దానికి మాత్రం ఏ గుర్తూ పెట్టడు. అది ఉందని గుడ్డివాడికి కూడా తెలుస్తుందంటాడు.

కొడుకు కంప్యూటర్ కోర్సు చేసి కొట్టు వదిలిపెడతానన్నప్పుడు ఆయన వద్దనలేదు. చెయ్యి తెగని అద్దం అద్దమేంట్రా అని మాత్రం అన్నాడట. ఆ మాట కరిముల్లాకి ముల్లులా దిగింది. నా దగ్గర తయారైన ప్రతి బొమ్మ ప్రింటూ ఒకటి ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఒక్క చూపు చూసి, ఒక్క మాట అనేవాడు. మొదటిసారి ‘రేకు’ అన్నాడు. తర్వాత ‘ప్లాస్టిక్ కవరు’. మూడేళ్లలో ఒకే ఒక్కసారి కాస్త ఎక్కువసేపు చూసి ‘నీళ్లు’ అన్నాడట. ఆ రోజు కరిముల్లా సంబరంగా వచ్చి, రేకు నుంచి నీళ్లదాకా వచ్చానని నాకు చెప్పాడు. నేను పగలబడి నవ్వాను. జనం సొంత ఇంటి కిటికీల్లో సింగపూర్ మబ్బులు చూసుకుని ఆనందిస్తుంటే వీడికి ఓ ముసలాయన మెప్పు కావాలట.

“ఆయన నోటితో ఒక్కసారి అద్దం అనిపించుకోవాలి సార్. ఆ తర్వాత మీరు ఏ రంగు పొయ్యమంటే ఆ రంగు పోస్తాను” అన్నాడు.

రెండువేల నాలుగులో రామకోటేశ్వరరావు గారని గుడివాడ వైపు రైసు మిల్లులున్న పెద్దమనిషి బందరు రోడ్డు మీద కాంప్లెక్సు కట్టడానికి పూనుకున్నాడు. వాళ్లమ్మ పేరు మీద రామతులసి ప్లాజా. ముందుభాగమంతా రెండంతస్తుల ఎత్తున అద్దాలు, మధ్యలో పెద్ద అద్దాల తలుపు. సైటులో కట్టే హోర్డింగుకి పెద్ద బొమ్మ కావాలన్నాడు. అది నాకివ్వండి సార్ అని కరిముల్లా అడిగి తీసుకున్నాడు. అక్కణ్ణుంచి నెలరోజులు నాకు నరకం.

తండ్రి కొట్లోంచి పది మిల్లీమీటర్ల మందమున్న అద్దం ముక్క ఒకటి తెచ్చి, కీబోర్డు పక్కన నిలబెట్టుకున్నాడు. అస్తమానం దాని వంకే చూస్తూ ఉండేవాడు. ఎదురుగా చూస్తే అక్కడ అద్దం లేనట్టే ఉంటుంది. కుర్చీ పక్కకి జరిపి ఏటవాలుగా చూస్తే అదే ముక్కలో మా సీలింగు ఫ్యాను తిరుగుతూ కనిపిస్తుంది. అంచు చూస్తే ఆకుపచ్చ. మనం రోజూ చూసేదే, కానీ ఎవడు చూశాడు?

ఆ బొమ్మని అతను రే ట్రేసింగ్ పద్ధతిలో చేశాడు. అంటే కంప్యూటరు బొమ్మలోని ఒక్కొక్క చుక్కలోంచి ఒక్కొక్క చూపు గీతని పంపుతుంది. ఆ గీత అద్దానికి తగిలితే కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత వంగి లోపలికి పోతుంది. మేమంతా అద్దాన్ని మందం లేకుండా ఒకే పొరగా గీసేవాళ్లం. అతను రెండు ముఖాలూ పెట్టి, మధ్యలో పది మిల్లీల మందం ఇచ్చాడు. ఒక్క ముఖమే ఉంటే లోపలికెళ్లిన గీత వంగినది వంగినట్టే పోతుందనీ, రెండో ముఖం ఉంటేనే మళ్లీ దారిలో పడుతుందనీ చెప్పాడు. తీరా చేస్తే అద్దం నీడ నేల మీద చెక్క తలుపు నీడలా నల్లగా పడింది. ఆ నీడని పల్చబరచడానికి వారం పట్టింది. అంచుల్లో ఆకుపచ్చ ఎంత ఉండాలో తేలడానికి ఇంకో వారం.

తర్వాత మరో పేచీ. అద్దం తనంతట తాను కనబడదు, ఎదురుగా ఉన్నదాన్ని చూపించినప్పుడే కనబడుతుంది. కాబట్టి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి. మన సింగపూర్ ఆకాశం ఉందిగా అన్నాను. అతను వినలేదు. సైటుకెళ్లి రోడ్డుకి అవతలి వైపు ఫోటోలు తీసుకొచ్చాడు. పంక్చర్ల షాపు, టీ బండి, ట్రాన్స్‌ఫార్మరు, వేలాడే వైర్లు. బొమ్మలో ఏటవాలుగా కనిపించే చివరి పలకల్లో అవి లీలగా పడేట్టు పెట్టాడు. ఎదురుగా ఉన్న తలుపులోంచి మాత్రం లోపలి మెట్లు, మెట్ల మీద ఎండ తేటగా కనిపిస్తాయి.

బొమ్మ తయారవడానికి పద్దెనిమిది గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి పని మొదటికొచ్చింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పుట్టిన కరెంటు మా నెత్తి మీదుగా ఎటు పోతుందో గానీ, కూతవేటు దూరంలో ఉన్న మాకు మాత్రం కోతలే. పూర్తయ్యాక నేను తెర ముందు కూర్చుని చూశాను. బాగుంది. ఎంత బాగుందంటే నాకు ఒళ్లు మండింది. ఆ తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని దగ్గరికి వంగి, అంచున ఉన్న సన్నటి ఆకుపచ్చ గీత చూసి మూసి ఉందని తెలుసుకున్నాను. బిల్డరు అలా వంగి చూడడని నాకు తెలుసు.

చూడలేదు. రామకోటేశ్వరరావు గారు గురువారం వచ్చాడు, కూర్చున్నాడు, కాఫీ తాగాడు.

“బిల్డింగంతా వేశారు, అద్దాలు బిగించడం మర్చిపోయారేంటండీ?” అన్నాడు.

అద్దాలున్నాయని కరిముల్లా వేలు పెట్టి చూపించాడు. అప్పుడు ఆయనకి చివరి పలకలో టీ బండి కనపడింది. వాళ్లమ్మ పేరు పెట్టుకున్న బిల్డింగులో టీ బండి ఎందుకుందో చెప్పమన్నాడు. నీలంగా, ధగధగలాడుతూ, చూడగానే అద్దం అని తెలిసే అద్దం కావాలన్నాడు. ఆదివారం శంకుస్థాపనకి హోర్డింగు లేవాలన్నాడు. నేను అన్నిటికీ తలూపాను. గాడిదకేం తెలుసు గంధపు వాసన అని ఆయన వెళ్లాక అన్నాను గానీ, ఆయన ఉండగా అనలేదు. అదీ నా ధైర్యం.

కరిముల్లా మార్చనన్నాడు. ఈసారి ఇంటికి ప్రింటు పట్టుకెళ్లలేదనీ, ఆదివారం హోర్డింగు మీదే నిలువెత్తున చూపిస్తానని వాళ్ల నాన్నకి చెప్పేశాననీ అన్నాడు. నేను సరేనన్నాను. మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం అతను జుమ్మా నమాజుకి వెళ్లగానే అతని కుర్చీలో కూర్చుని, అతని నెలరోజుల అద్దం మీద నీలం రంగు పోశాను. రెండు మబ్బులు అతికించాను. టీ బండి ఉన్నచోట ఓ తెల్లదొర కారు దిగేట్టు పెట్టాను. పది నిమిషాల పని. నమాజు అయ్యేలోపు సీడీ ఫ్లెక్సీ ప్రింటింగు వాళ్లకి చేరిపోయింది. అతను తిరిగొచ్చి, పంపించేశారా సార్ అని అడిగితే, ఆఁ అన్నాను.

ఆదివారం ఉదయం సైటులో షామియానా, కొబ్బరికాయలు, సన్నాయి. హోర్డింగు చూసి జనం నోళ్లు తెరిచారు. రామకోటేశ్వరరావు గారు నన్ను నలుగురికీ పరిచయం చేశాడు. అప్పుడే స్కూటరు ఆగింది. కరిముల్లా వెనక కూర్చున్న మహమ్మద్ గారు ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బా వేసుకుని వచ్చాడు. పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. కరిముల్లా తలెత్తి హోర్డింగు చూశాడు, తర్వాత ఒక్కసారి నా వైపు చూశాడు.

ముసలాయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. చాలాసేపు చూడాల్సిన అవసరం పడలేదు.

“రేకు” అన్నాడు. కొడుకు వైపు తిరిగి, “నీళ్లదాకా వచ్చావనుకున్నా” అన్నాడు.

అది నాది కాదు, ఇదిగో ఈయన చేసిన పని అని నన్ను చూపించి ఉంటే కరిముల్లాకి పోయేదేమీ లేదు. నేను పదడుగుల దూరంలోనే మెడలో దండతో నిలబడి ఉన్నాను. అతను స్కూటరు వెనక్కి తిప్పి, తండ్రిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. అది చూసి నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేస్తే, దాన్ని కూడా ఎదుటివాడి మీదికి తోసే రకం మనిషిని నేను.

సోమవారం అతను పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది, పక్కన అద్దం ముక్క నిలబడి ఉంది. బుధవారం అసలు బొమ్మని మంచి కాగితం మీద పెద్ద సైజులో ప్రింటు తీయించి, చుట్టి, పంజా సెంటర్ వెళ్లాను. మూడేళ్లలో ఆ కొట్టు గడప తొక్కడం అదే మొదలు.

కరిముల్లా లోపల ఓ కిటికీ చట్రానికి లప్పం పూస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు గానీ రమ్మనలేదు. మహమ్మద్ గారు పెద్ద బల్ల దగ్గర ఉన్నాడు. ఆ బల్ల మీద కాగితం పరిచాను.

“ఆదివారం మీరు చూసింది మీవాడిది కాదండీ. అది నేను పాడుచేసింది. మీవాడు వేసింది ఇదీ” అన్నాను.

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కళ్లజోడు పైకి తోసుకుని, వెంటనే కిందికి లాక్కుని, వంగాడు. చివరి పలకలో టీ బండి దగ్గర ఆగాడు. అక్కణ్ణుంచి ఒక్కో పలకా దాటుకుంటూ తలుపు దాకా వచ్చాడు. తలుపు అంచు మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగాడు.

“ఎన్ని మిల్లీలు?” అని తలెత్తకుండానే అడిగాడు.

“పది, అబ్బాజాన్” అన్నాడు కరిముల్లా లోపల్నుంచి.

ఆయన జేబులోంచి పాన్ డబ్బా తీశాడు. పాన్ కట్టుకుంటాడనుకున్నాను. చూపుడువేలితో ఇంత సున్నం తీసి, ఆ కాగితం మీద, అద్దాల తలుపు మధ్యలో, ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత పెట్టాడు. వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

“గుర్తు లేకపోతే ఎవరన్నా గుద్దుకుంటారు” అన్నాడు.

కరిముల్లా లప్పం చేతులతోనే వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. సున్నం ఆరేదాకా ఆ కాగితాన్ని ఎవ్వరూ ముట్టుకోలేదు.