తొమ్మిదో పేరు

చేపలకు ఉప్పు పట్టించడంలో న్యాన్ అత్తను మించినవాళ్ళు మా ముయ్‌దా రేవులో లేరు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. జాడీ మూత తీయకుండానే పక్కన నిలబడి వాసన పీల్చి, "ఇంకో నెల ఆగండి" అని చెప్పేస్తుంది. ఎవరైనా వాదిస్తే, "ముక్కు ముఖానికి అందం కోసం పెట్టుకున్నావా?" అంటుంది. నలుగురు పిల్లల్ని పెంచింది, మొగుణ్ణి సాగనంపింది. ఊళ్ళో అందరి సంగతులూ మాట్లాడుతుంది, తనది తప్ప.

ఈ ఏడు మా అయ్య గుడికి నూట యాభై ఏళ్ళు నిండాయి. అయ్య అంటే సముద్రంలో ఉండే పెద్దాయన. తిమింగలం అన్న మాట మా జాలర్లు నోట రానివ్వరు. తుఫానులో పడవకు వీపు ఆనించి ఒడ్డుకు చేర్చేది ఆయనే. అటువంటి అయ్య చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తే, మొదట చూసినవాడే ఆయనకు పెద్దకొడుకు. కన్నతండ్రికి పట్టినట్టే మూడేళ్ళు మైల పట్టాలి, తలకు తెల్లగుడ్డ కట్టాలి. ఆ మూడేళ్ళూ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తకూడదు.

గుడిలో తొమ్మిది మంది అయ్యల ఎముకలున్నాయి. ఆ తొమ్మిది మంది పెద్దకొడుకుల పేర్లూ రాతి మీద చెక్కించాలని ఉత్సవ సంఘం తీర్మానించింది. ఊరి చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. బడి నుంచి రిటైరైన పంతులమ్మ ఖాళీగా కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు?

చిక్కంతా తొమ్మిదో పేరు దగ్గరే వచ్చింది. అరవై ఏళ్ళ కిందటి తువాంగ్ అనే కుర్రాడిది ఆ పేరు. మైల తీరకుండానే సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. ఉన్న ఒక్క తల్లీ తర్వాత పోయింది. సంఘం పెద్ద ఖాంగ్ బాబాయి పట్టిన పట్టు వదలడు.

"పూజలో ఒక్కో పేరూ మూడుసార్లు పిలుస్తాం. పలికి అగరొత్తి వెలిగించడానికి ఆ ఇంటి మనిషి ఉండాలి. పలికేవాళ్ళు లేని పేరు చెక్కామంటే దిక్కులేని ఆత్మని గుళ్ళోకి పిల్చుకున్నట్టే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కడుపున ఎవరూ పుట్టకపోతే మనిషి బతికినట్టే కాదా? పోట్లాడగా పోట్లాడగా ఒక్కదానికి ఒప్పుకున్నాడు. పూజలో పిలిచి చూస్తారు. ఎవరూ పలకకపోతే తొమ్మిదో చోటు ఖాళీగా వదిలేస్తారు.

ఆ కోపంలోనే గుడి పాత దస్తరం తిరగేశాను. తువాంగ్ పేరు పైన పూజారి రాసిన ముక్క ఒకటి కనబడింది. ఆ అయ్యను మొదట చూసింది పడవల ఆసామి లామ్ కూతురట. లామ్‌కు ఒక్కతే కూతురు. ఆ పుస్తకం చంకన పెట్టుకుని న్యాన్ అత్త ఇంటికి వెళ్ళాను.

"చూసింది నువ్వా అత్తా?"

అత్త చేతిలో ఉప్పు చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడెందుకే ఆ గోల?"

"చెప్పు."

"నేనే. గవ్వలేరుకోడానికి పొద్దున్నే వెళ్ళాను. ఇసక మీద పడున్నాడు అయ్య. ఆడపిల్ల చూస్తే మైల పట్టేది ఇంట్లో మగాడు. మా నాన్నని లేపాలి. లేపలేదు. మా గుమ్మం ముందు నుంచే పరిగెత్తుకెళ్ళి తువాంగ్‌ని లేపాను."

"ఎందుకూ?"

"పిచ్చిదానా, కొత్తేటి పండగ టెట్ వెళ్ళాక మా పెళ్ళి. వాళ్ళకి సొంత పడవ లేదని మా నాన్న రోజూ సణుగుడే. అయ్యకి పెద్దకొడుకైతే ఊరంతా లేచి నిలబడుద్ది కదా, మా నాన్న నోరు మూతపడుద్దని." ఉప్పు జాడీలో పోసింది. "మూతపడింది. పెళ్ళీ మూడేళ్ళు వెనక్కి పోయింది. ఆ మైలే లేకపోతే అల్లుడై మా నాన్న పెద్ద పడవ ఎక్కేవాడు. రెండో ఏట ఎవరిదో కుళ్ళు పడవ మీద పోయాడు. నా చేతులతో నేనే కదే చేసుకుంది."

నాకు తోచిన న్యాయం చెప్పాను. "అయితే తొమ్మిదో పేరు నీదే అత్తా. ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లూ చెక్కుతారు. పలకడానికి నీకు నలుగురున్నారు."

"అందుకే వద్దు. నేను పోతే నలుగురూ ఏడ్చి సమాధి కడతారు. వాడికి ఏ రాయి ఉంది? ఆ పుస్తకం మూసెయ్."

పండగనాడు పొద్దున్నే ఊరంతా గుడి ముందు చేరింది. డప్పులు ఆగాక ఖాంగ్ బాబాయి పేర్లు పిలిచాడు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు పలికారు. "తువాంగ్!" అన్నాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచాడు.

ఆడవాళ్ళ వరసలోంచి న్యాన్ అత్త లేచింది. నెత్తి మీది తాటాకు టోపీ తీసి, లోపలి కుట్టు పళ్ళతో తెంపింది. పాతబడి పసుపు తిరిగిన తెల్లగుడ్డ పేలిక ఒకటి బయటికి లాగి తలకు కట్టుకుంది.

"న్యానక్కా, ఆ ఇంటికి నువ్వేమవుతావు?" అన్నాడు ఖాంగ్ బాబాయి.

"పెద్దకోడల్ని. అయ్య పోయిన రోజు తువాంగ్ తల్లి మైలగుడ్డ చించి సగం వాడికి కట్టింది, సగం కోడలివని నాకు కట్టింది. నీ గుడి దస్తరంలో రాసి లేకపోతే ఆనవాయితీ కాదా?"

అత్త పెద్దకొడుకు ముఖం పాలిపోయింది. అందరిలోనూ తల్లి మరొకరి కోడలినని చెప్పింది మరి. "అమ్మా, నాన్న..." అని ఆగిపోయాడు.

"మీ నాన్నకి తెలుసురా. టోపీ పాతబడ్డప్పుడల్లా ఈ గుడ్డ కొత్త టోపీలో పెట్టి కుట్టింది ఆయనే."

కొడుకు వెళ్ళి అగరొత్తులు వెలిగించి, తెచ్చి తల్లి చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు.

"మూడోసారి పిలు, ఖాంగ్," అంది అత్త.

"తువాంగ్!"

"ఉన్నాం," అన్నారిద్దరూ.