తిమ్మప్ప మగ్గం మీద మహావిచారణ

యుద్ధం రోజుల్లో నూలు బంగారమైంది. రాజోలి నేతగాళ్లకు అది సంఘం ద్వారానే అందేది గనుక, సంఘం పెద్ద పదవి కోసం ఈరన్న, గోవిందు సింహాసనానికి తగినంత శ్రద్ధతో కొట్లాడారు. ఆడుతున్న మగ్గానికొక ఓటు. ఈరన్నకు నలభై ఒకటి వచ్చాయి, గోవిందుకు నలభై.

గెలిచినవాడి ఓట్లలో ఒకటైనా దొంగదని తోచడం ఓడినవాడి ధర్మం. గోవిందు కంటికి తిమ్మప్ప ఓటు ఆనింది. ఎన్నికనాడు తిమ్మప్ప మగ్గం ఆడలేదని దావా వేశాడు. నిజానికి ఆనాడు మగ్గం మీద సగం చీర ఉంది. తిమ్మప్ప ఓటేసి వచ్చి, మళ్లీ మగ్గం గుంతలో కాళ్లు దింపి, నాడె అందుకుని నేత సాగించాడు. ఊరంతా చూసింది. ఊరు చూసింది కోర్టుకు చాలదు.

కోర్టు తొందరపడలేదు. తీర్పు వచ్చేదాకా వివాదంలో ఉన్న మగ్గానికి నూలు ఇవ్వరాదని మాత్రం వెంటనే ఉత్తరువిచ్చింది.

"నీ ఓటుతోనే గెలిచిన, తిమ్మప్పా. జర ఓపిక పట్టు," అన్నాడు ఈరన్న.

"ఓపికతోని పడుగు పోస్తరా మామా?" అంది తిమ్మప్ప భార్య రేణుకమ్మ.

ఈరన్న నవ్వాడు. పదవిలో ఉన్నవాడికి అదీ ఒక జవాబే.

రెండేళ్లు, పందొమ్మిది వాయిదాలు. కోర్టున్న ఊరికి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. సద్దిమూటతో తిమ్మప్ప నడక. ఒకసారి మునసబు గారికి జ్వరం, ఒకసారి వకీలు గారింట్లో పెండ్లి. మూడో ఏడు కోర్టు అమీను స్వయంగా ఇంటికొచ్చి మగ్గం చూశాడు. పడుగు పోగులు దూర్చే అచ్చును వేలితో తాకి, ఆ వేలు దస్తీకి తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ల సంది ఆడతలేదు?"

"మీరు నూలు ఆపిన కాడికెళ్లి, దొరా."

"గది అడగలే. ఆడతలేదు, అంతేనా?"

"అంతే."

ఆ ఒక్క మాట మీద తీర్పు నిలిచింది. ఆడని మగ్గానికి ఓటు లేదు. ఓట్లు సమానమయ్యాయి, చీటీ వేశారు, గోవిందు పేరొచ్చింది.

మొదటి వారంలోనే గోవిందు ఈరన్నకు ఓటేసిన మగ్గాలన్నిటికీ నూలు సగం కోశాడు. నెల తిరక్కముందే ఈరన్నను ఉపపెద్దగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఈరన్న సొంత మగ్గాలకు మాత్రం నూలు పూర్తిగా వచ్చింది.

తిమ్మప్ప సంఘం అరుగు దగ్గరకు వెళ్లాడు.

"ఫైసలా అయింది గద గోవిందన్నా. ఇగ నా నూలు?"

జవాబు ఈరన్న చెప్పాడు. "ఆడే మగ్గాలకే నూలు తిమ్మప్పా. మేం అంటలేం, కోర్టు అంటుంది."

"నూలిస్తే ఆడతది గద!"

"ఆడితే ఇస్తం."

ఇంటికొచ్చేసరికి రేణుకమ్మ మగ్గం గుంతలో మన్ను పోస్తోంది.

"ఊకె కోడిపిల్లలు పడుతున్నయి," అంది, మగడి ముఖం చూడకుండా.

తిమ్మప్ప రెండో తట్ట ఎత్తుకున్నాడు.

ఆ తరువాత బతికినన్నాళ్లూ అతడు గోవిందు మగ్గం మీద కూలికి నేశాడు. ఆ మగ్గానికి ఓటుంది. అది గోవిందుది.