సుబేదారుగారి పియానోకి పేజీలు తిప్పిన వైనం

ఆ రోజుల్లో నడుం వంచకపోవడాన్ని కూడా ఒక ఆస్తి కింద జమకట్టేవారు. మిగతావన్నీ కరిగిపోయాక మా ఇంటికి మిగిలిన ఆస్తి అదొక్కటే. రేపల్లె దగ్గర మా ఇంటిని దివాణం అనేవారు. నేనెరిగేనాటికి దివాణం కప్పు నాలుగు చోట్ల కురిసేది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. హాల్లో మా తాతగారు మద్రాసు నుంచి తెప్పించిన పియానో ఒకటుండేది. దాన్ని ఎవరైనా వాయించగా నేను వినలేదు. నాయనమ్మ దాని మీద ఆవకాయ జాడీలు పెట్టుకునేది (పిల్లలకి అందని ఎత్తు, ఎండ తగలని మూల). అయినా "మా ఇంట్లో పియానో ఉంది" అనే మాట నా చిన్నతనమంతా నా వెంట కిరీటంలా తిరిగింది.

అలాంటి వంశాంకురం ఎనభైల చివర్లో మెడికల్ రెప్పు అయ్యాడు. తెనాలిలో గది, రోజంతా బాపట్ల, రేపల్లె తిరుగుడు. మందుల షాపుల ముందు బ్యాగు పట్టుకుని నిలబడాల్సిన ఉద్యోగం. నేను షాపుకి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాణ్ణి, కారు కోసం ఎదురుచూస్తున్నాననుకుంటారని. ఒక్క బాపట్లలో మాత్రం ఆ అవస్థ లేదు. అక్కడి షాపు పెద్దాయన నాకంటే నిటారుగా కూర్చునేవారు. మిలటరీ ఆస్పత్రుల్లో మందులిచ్చి, రెండు యుద్ధాలు చూసి వచ్చిన మనిషి. డెబ్భై దాటినా బూట్లు మెరిసేవి. ఊరంతా సుబేదారుగారనేది. ఆయన షాపులో ఒక నియమం ఉండేది. చీటీ రాగానే ఫార్మసీ చదివిన ఆయన కూతురు దాన్ని పైకి గట్టిగా చదవాలి. మందు తీశాక దాని పేరు కూడా అంతే గట్టిగా చెప్పాలి. అప్పుడాయన కుర్చీలోంచి "కరెక్ట్" అనేవారు. ఎవరైనా నవ్వితే, "మిలటరీ రూలండి" అనేవారు.

ఒకరోజు ఆయన వేళ్ళు కౌంటరు అద్దం మీద ఏదో వాయిస్తున్నాయి. అడిగితే చెప్పారు. చిన్నప్పుడు మిషన్ ఆస్పత్రిలో దొరసానమ్మ పియానో నేర్పిందట. పటాలంలో ఉన్న ఏళ్ళు పోను, ఇప్పటిదాకా చర్చిలో ఆ పియానో స్టూలు ఆయనదేనట.

"మా ఇంట్లో కూడా పియానో ఉందండి" అన్నాను, అలవాటుగా.

ఆయన వేళ్ళు ఆగాయి. "రేపల్లె దివాణం వారు కదూ? అయితే నొటేషన్ చదవడం వచ్చుండాలే!"

బుద్ధున్నవాడెవడైనా రాదనే అంటాడు. నేను గొంతు సవరించుకుని, "చిన్నప్పట్నించీనండి" అన్నాను.

"దేవుడే పంపాడు బాబూ మిమ్మల్ని" అంటూ ఆయన తన కష్టం చెప్పుకున్నారు. కిందటి ఈస్టరుకి ఆయన ఒక పాట బదులు ఇంకో పాట ఎత్తుకున్నారట. సముద్రపు గాలికి పేజీలు తిరిగిపోయాయని సర్దిచెప్పుకున్నారు. సంఘపెద్ద ఊరుకోలేదు. "గాలి సాకు ఒక్కసారేనండి. క్రిస్మస్‌కి తడబడ్డారో, స్టూలు దిగిపోవాల్సిందే. మా అల్లుడు కీబోర్డుతో రెడీగా ఉన్నాడు" అన్నాడట. "పండగనాడు నా పక్కన కూర్చుని పేజీలు తిప్పండి చాలు. నేను తల ఊపుతాను, మీరు తిప్పండి" అన్నారు సుబేదారుగారు.

తల ఊపితే తిప్పడానికి నొటేషన్ ఎందుకు? నాకు ధైర్యం వచ్చేసింది.

క్రిస్మస్ పొద్దున్న మొదటి రైల్లో దిగాను. ఒంటి మీద తాతగారి కోటు. నేను పక్కన కూర్చున్నవాళ్ళందరికీ కలరా ఉండల ఘాటు ఉచితం. చర్చి కిటకిటలాడుతోంది. సుబేదారుగారు మెడల్సు పెట్టుకుని వచ్చారు. సంఘపెద్ద మొదటి వరసలో, మా వేళ్ళు కనిపించేంత దగ్గరలో కూర్చున్నాడు. పక్కనే అల్లుడు, అల్లుడి ఒళ్ళో కీబోర్డు.

పదహారు పేజీల పెద్ద పాట మొదలైంది. ఆయన తల ఊపారు. తిప్పాను. మళ్ళీ ఊపారు. మళ్ళీ తిప్పాను. మూడోసారి, నాలుగోసారి... ఆయన తాళానికి తల ఊపుతున్నారని తెలిసేసరికి రెండో చరణం రాలేదు గానీ పుస్తకం అయిపోయింది! నా ఎదురుగా అట్ట లోపలి తెల్ల కాగితం ఉంది. చెమటతో తాతగారి కోటు బరువెక్కింది. ఈ ముసలాయన పరువు నా అబద్ధం వల్ల పోయిందనుకున్నాను. కానీ పియానో ఆగలేదు. గోదారిలా సాగిపోతోంది. ఆయన ఆ తెల్ల కాగితం వంకే చూస్తూ, తల ఊపుతూ, పెదవులు కదలకుండా అడిగారు:

"ఇంకా పేజీలున్నాయా బాబూ?"

నాకు అప్పుడు వెలిగింది. ఆయనకి తెల్ల కాగితానికీ, రాసిన కాగితానికీ తేడా తెలియడం లేదు.

"అయిపోయాయండి."

"అయితే మొదటినుంచి తిప్పండి. ఆపకండి."

తిప్పాను. ముందుకి రెండుసార్లు, వెనక్కి ఒకసారి తిప్పాను. జీవితంలో ఎన్నడూ అంత నిటారుగా కూర్చోలేదు. పాట ఒక్క పొల్లు పోకుండా ముగిసింది. సంఘపెద్ద లేచి వచ్చి, "వందనాలండి! ఏం స్పీడండి, ఆ పేజీలు మాకు చూడ్డానికే కళ్ళు తిరిగాయి. ఇంకెన్నేళ్ళయినా స్టూలు మీదే" అన్నాడు. అల్లుడు కీబోర్డుని సంచీలో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో కేకు తింటూ నేను బయటపడ్డాను. "నాకు నొటేషన్ రాదండి, క్షమించాలి."

"తెలుసు బాబూ. కలెక్టరుగారు భోజనానికొస్తున్నారని మీ తాతగారు నన్ను వాయించడానికి పిలిపించారు ఒకసారి. మూత తీసి చూస్తే లోపల సగం తీగల్లేవు, ఎలక పిల్లలున్నాయి. ఆ పియానో మీద ఎవరేం నేర్చుకుంటారు!"

నా కిరీటం కేకు ముక్కలో పడింది. "మరి నన్నెందుకు పిలిచారండి?"

"నొటేషన్ వచ్చినవాడైతే నా కళ్ళ సంగతి మొదటి పేజీలోనే పట్టేస్తాడు. రానివాడు కావాలి, వచ్చినట్టు కూర్చోగలిగినవాడు కావాలి. ఆరోజు మీ తాతగారు ఆ పియానో పక్కన కూర్చుని, 'ఇవాళ నాకు మూడ్ లేదండీ' అని కలెక్టరుతో అన్న తీరు చూశాను. అది మీ రక్తంలో ఉంది బాబూ" అని ఆయన నవ్వారు. కూతురు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పౌరుషం రావాల్సిన నాకు నవ్వొచ్చింది.

"ఆపరేషన్ చేయించుకోకూడదా అండి?"

"యుద్ధం వేరండి. కంట్లో కత్తి వేరు."

రెండేళ్ళకి కూతురే పోరి చేయించింది. చూపు వచ్చినా ప్రతి డిసెంబరులోనూ "పేజీలు తిప్పుటకు రావలెను" అని కార్డు ముక్క వచ్చేది, నేను వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత ఆయన నా తప్పులు చూడగలిగేవారు, చూసి సన్నగా నవ్వుకునేవారు. తొంభై దాటాక, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అదే స్టూలు మీంచి లేచి ఇంటికెళ్ళి పడుకుని మరి లేవలేదు.

ఇప్పుడు నేనూ నిటారుగానే కూర్చుంటున్నాను. కళ్ళజోడు జేబులోనే ఉంటుంది, నలుగురిలో తియ్యను. మొన్న మనవరాలు పుస్తకం తెచ్చి ఈ పేజీ చదివిపెట్టమంది. "నువ్వే చదవమ్మా, గట్టిగా చదవాలి" అన్నాను.

"ఎందుకు తాతయ్యా?"

రేపల్లె, తెనాలి, బాపట్ల దాటి బతకని నేను, మీసం సవరించుకుని, "మిలటరీ రూల్" అన్నాను.