రెండో నంబరు కొమురవ్వది

నా పేరు ఉపేందర్‌రావు. కరీంనగర్ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఏ పరికరాన్నైనా ముట్టుకునే ముందు దాని వివరాల పుస్తకం పూర్తిగా చదవాలని ఇరవై ఏళ్లు పిల్లలకు బోధించాను. 1993లో మా బావమరిది మస్కట్ నుంచి కీబోర్డు తెచ్చినప్పుడు మాత్రం పుస్తకం పన్నెండో పేజీ దాకా చదివి, మిగతాది తెలివితో తెలుసుకోవచ్చనుకున్నాను.

నాకు తెల్ల మెట్ల మీదే వాయించడం వచ్చు. మా భజన బృందంలో హార్మోనియం వాయించే లక్ష్మీరాజం ఎవరి గొంతును బట్టి వాళ్లకు వేళ్లు జరిపి వాయించేవాడు. నాకా అవస్థ లేదు. కీబోర్డులో శృతిని పైకీ కిందికీ జరిపే మీట ఉంది. కావలసిన వాయిద్యం, తాళం, వేగం కుదుర్చుకుని ఒక నంబరు కింద దాచుకునే వీలూ ఉంది. ఒకటో నంబరు బృందంలో ముందు పాడే గంగయ్యకు, రెండోది కొమురవ్వకు దాచాను. లక్ష్మీరాజం చేతికి చిడతలిచ్చాను.

కొమురవ్వ పదకొండేళ్లుగా మా బృందంలో మగవాళ్ల వెనక వంత పాడుతోంది. ఆ శ్రావణంలో, వేములవాడ వేదిక మీద, మొదటిసారి ఒక పాట తానే పాడాలి. నెల రోజులు మా ఇంటికొచ్చి సాధన చేసింది. గంగయ్య నాట్ల పనిలో పడి ఒక్కరోజూ రాలేదు.

సోమవారం పొద్దున ముందు గంగయ్య పాడాడు. "సారూ, జర దించు" అంటే మీటతో శృతి ఐదు మెట్లు దించాను. అతని పాట అయ్యాక రెండో నంబరు నొక్కాను. కొమురవ్వకని దాచిన వేణువు వినిపించింది. శృతి కూడా ఆమెదే వచ్చిందనుకున్నాను. ఆ మీట పెట్టె మొత్తానికీ ఒకటేనని, నంబరు మార్చినా అది మారదని పదమూడో పేజీలో ఉంది.

కొమురవ్వ నేనిచ్చిన శృతినే అందుకుంది. రెండో చరణానికి గొంతు అడుగంటింది. ముందు వరసలో వాళ్లు చెవులు రిక్కించారు. ఆమె ఆగిపోయింది.

"సారూ, గిది నాది గాదు. గంగయ్యది నాకు పెట్టినవ్."

"రెండో నంబరే కొమురవ్వా. చూడు, రెండు మీదే లైటు వెలుగుతోంది."

"లైటు పాడుతదా?" అన్నాడు లక్ష్మీరాజం, చిడతల వైపు చూసుకుంటూ.

"నంబరు నీ దగ్గరనే ఉండనీ సారూ. నాకు ఇచ్చిందే గీ ఒక్క పాట. జర చెయ్యి తియ్యి" అంది కొమురవ్వ.

తీశాను. ఆమె కళ్లు మూసుకుని తన గొంతుకు తగిన చోట ఎత్తుకుంది. చిడతలు, డోలక్ కలిశాయి. మొదటి చరణం మధ్యలో నాకు తప్పు దొరికింది. మీటను సరిచేసి మెట్టు మీద వేలు పెట్టాను. ఆమె కళ్లు తెరవకుండానే నా వైపు అరచెయ్యి చూపింది. లేచి పోదామంటే ముందు స్టాండు, కాళ్ల కింద వైర్లు. లెక్క రాక బోర్డు ముందు నిలబెట్టిన పిల్లాడిలా వేదిక నడిమధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జనం ఆమె చేత ఇంకో పాట పాడించారు. అదీ అలాగే కూర్చుని విన్నాను.

దిగుతుంటే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టె మస్తున్నది సారూ. ఆమె పాడినప్పుడు మోగకపోయేసరికి ఇంకా మంచిగున్నది." ఆయన ఎగతాళి చెయ్యడం లేదు.

బస్సులో కొమురవ్వ చెప్పింది: "వచ్చే సోమవారం మల్ల రమ్మన్నరు. గంగయ్యను ఇంటికి పిలువు సారూ. ఆయన ఎనుక నేను పాడుత. అప్పుడు నా శృతి వస్తెనే పెట్టె తెద్దువు."

"రాకపోతే?"

"లక్ష్మీరాజం కాక ఉన్నడు గద."

మర్నాడు పొద్దున్నే గంగయ్య పొలానికి వెళ్లాను. నారుకట్టలు మోసే మనిషి లేడని, నాట్లు అయ్యేదాకా కదలలేనని అన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలోకి దిగాను.